యానాం: యుద్ధం ఎక్కడ జరిగినా జెండా మారింది ఇక్కడే.. తెలుగు నేలపై ఫ్రెంచ్ ఊరి కథ

కాకినాడ నుంచి దాదాపు 30 కిలోమీటర్లు. బస్సు దిగితే చుట్టూ అందరూ తెలుగే మాట్లాడతారు. గోదావరి గాలి, పులస పేరు, కొబ్బరి చెట్లు.. అన్నీ కోనసీమ లాగే ఉంటాయి. కానీ బండ్ల నంబర్ ప్లేట్ల మీద మాత్రం ‘ఏపీ’ బదులు ‘పీవై 04’ అని కనిపిస్తుంది. ఈ ఊరి ఎమ్మెల్యే కూర్చునేది అమరావతిలో కాదు, 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న పుదుచ్చేరి అసెంబ్లీలో.

అదే యానాం. 1723లో ఫ్రెంచ్‌వాళ్లు అడుగుపెట్టిన ఊరు. 1954 జూన్ 13న ఫ్రెంచ్ జెండా దిగిన ఊరు.

ఈ రెండు తేదీల మధ్య 231 ఏళ్లు గడిచాయి. ఇన్నేళ్లలో యానాం ఎవరి మీదా యుద్ధం ప్రకటించలేదు. అయినా ప్రపంచంలో ఎక్కడ ఫ్రాన్స్, బ్రిటన్ కొట్టుకున్నా ఆ దెబ్బ ఈ ఊరికి తగిలింది. యూరప్‌లో యుద్ధం మొదలైతే ఇక్కడ బ్రిటిష్ సిపాయిలు దిగేవాళ్లు. అక్కడ సంతకాలు అయితే ఇక్కడ మళ్లీ ఫ్రెంచ్ జెండా ఎక్కేది. ఊరి జనాన్ని మాత్రం ఎవరూ అడగలేదు.

అసలు ఈ చిన్న ఊరి చుట్టూ ఇంత కథ ఎందుకు నడిచింది? ఆదోని కోటకూ దీనికీ ఉన్న లింకేంటి? చివరికి 1954లో ఏం జరిగింది? వివరాలు చూద్దాం.

ముఖ్యాంశాలు

- యానాం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం 55,626 మంది ఉన్నారు.
- 18వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం మొదటి వరకు మూడు పెద్ద యుద్ధాల్లో బ్రిటిష్‌వాళ్లు ఊరిని ఆక్రమించారు. మూడుసార్లూ ఒప్పందాలతో తిరిగిచ్చారు.
- 1814 ఒప్పందం ప్రకారం ఫ్రెంచ్‌వాళ్లు ఇక్కడ కోట కట్టకూడదు, పోలీసు అవసరానికి మించి సైన్యం పెట్టకూడదు.
- 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో ఫ్రెంచ్ పాలన ముగిసింది.
- చట్టప్రకారం భారత్‌లో కలిసింది మాత్రం 1962 ఆగస్టు 16న.

యానాం ఎక్కడుంది?

గౌతమీ గోదావరి సముద్రంలో కలవడానికి కొద్ది కిలోమీటర్ల ముందు, ఎడమ ఒడ్డున యానాం ఉంటుంది. కోరింగ పాయ ఇక్కడే గౌతమి నుంచి విడిపోతుంది. చుట్టూ ఆంధ్రప్రదేశే. ఒకవైపు కాకినాడ జిల్లా, గోదావరి దాటితే కోనసీమ. నది మీద ఎదుర్లంక వైపు వెళ్లే వంతెనకు దివంగత లోక్‌సభ స్పీకర్ జీఎంసీ బాలయోగి పేరు పెట్టారు.

ఈ చోటే ఊరికి వరం, శాపం రెండూ అయింది. పెద్ద ఓడలు సముద్రంలో ఆగితే, సరుకు పడవల మీద నది లోపలికి వచ్చేది. లోపలి ఊళ్ల నుంచి నేత బట్ట అదే దారిలో బయటికి పోయేది. ఓడల మరమ్మతుకు కోరింగ పేరుమోసిన రేవు. అందుకే యూరప్ కంపెనీలన్నీ ఈ నదీముఖం మీద కన్నేశాయి.

ఫ్రెంచ్‌వాళ్లు ఎందుకొచ్చారు?

బట్ట కోసం. గోదావరి జిల్లాల నేతగాళ్లు నేసిన సన్నబట్టకు అప్పట్లో యూరప్‌లో మంచి గిరాకీ. యానాం పక్కనే ఉన్న ఇంజరంలో అప్పటికే ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి పెట్టుకుంది. ఫ్రెంచ్ కంపెనీ 1723లో యానాంలో తన వర్తక స్థావరం తెరిచింది. వ్యాపారం సాగక నాలుగేళ్లకే మూసేసింది. తర్వాత మళ్లీ వచ్చి స్థిరపడింది.

అంటే ఒకే నది, ఒకే నేతగాళ్లు, పక్కపక్కనే రెండు కంపెనీలు. శాంతి ఉన్నంతకాలం ఇద్దరూ ధర దగ్గర పోటీ పడేవాళ్లు. యుద్ధం వస్తే మాత్రం పొరుగువాళ్లే శత్రువులు అయ్యేవాళ్లు.

కర్నూలు కోట నుంచి గోదావరి దాకా.. బుస్సీ దండు

యానాం కథలో మొదటి పెద్ద మలుపు సముద్రం వైపు నుంచి రాలేదు. రాయలసీమ వైపు నుంచి వచ్చింది.

1751 ఫిబ్రవరి. ఫ్రెంచ్ గవర్నర్ డూప్లే మద్దతుతో నిజాం గద్దె ఎక్కిన ముజఫర్ జంగ్ దండుతో హైదరాబాద్ వైపు వెళ్తున్నాడు. రాయచోటి దగ్గర కడప, కర్నూలు నవాబులు తిరగబడ్డారు. ఆ పోరులో ముజఫర్ జంగ్ చనిపోయాడు. కర్నూలు నవాబు కూడా చనిపోయాడు. వెంట ఉన్న ఫ్రెంచ్ సేనాని బుస్సీ క్షణం ఆలస్యం చేయలేదు. అక్కడికక్కడే సలాబత్ జంగ్‌ను నిజాంగా నిలబెట్టాడు. తర్వాత దారిలో కర్నూలు కోటను ముట్టడించి పట్టుకున్నాడు.

అప్పటి నుంచి హైదరాబాద్ దర్బారులో బుస్సీ మాటకు తిరుగులేదు. తన సైన్యం జీతాల కోసం 1753లో సలాబత్ జంగ్ దగ్గర నాలుగు సర్కార్లు రాయించుకున్నాడు. అవి కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం. యానాం ఉన్నది రాజమండ్రి సర్కారులోనే. అంటే నిన్నటిదాకా ఒక గిడ్డంగి ఉన్న ఊరి చుట్టూ ఉన్న తీరమంతా ఒక్కసారిగా ఫ్రెంచ్ చేతికి వచ్చింది.

ఈ వైభవం ఐదేళ్లే నిలిచింది. 1757 జనవరి 24న విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన బుస్సీ బొబ్బిలి కోటను ముట్టడించాడు. తాండ్ర పాపారాయుడి కథ తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అదే ఏడాది బుస్సీ విశాఖపట్నాన్ని బ్రిటిష్‌వాళ్ల నుంచి లాక్కున్నాడు. కానీ 1758లో కొత్తగా వచ్చిన ఫ్రెంచ్ సేనాధిపతి లాలీ, మద్రాసు మీద దాడికి రమ్మంటూ బుస్సీని వెనక్కి పిలిచాడు. తీరం బాధ్యత కాన్‌ఫ్లాన్స్ చేతికి వచ్చింది.

చందుర్తి: ఒక్క పోరుతో తీరం పోయింది

బుస్సీ వెళ్లిపోగానే విజయనగరం రాజు ఆనంద గజపతి తిరగబడ్డాడు. సాయం కోసం కలకత్తాలోని క్లైవ్‌కు కబురు పెట్టాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను సైన్యంతో ఓడల్లో పంపాడు.

1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరున్న చందుర్తి వద్ద రెండు దండులూ తలపడ్డాయి. కాన్‌ఫ్లాన్స్ ఓడిపోయాడు. ముందు రాజమండ్రికి, అక్కడి నుంచి మచిలీపట్నానికి పారిపోయాడు. 1759 ఏప్రిల్‌లో ఫోర్డ్ మచిలీపట్నం కోటను కూడా పట్టుకున్నాడు.

యానాంలో పెద్ద యుద్ధం ఏమీ జరగలేదు. జరగాల్సిన అవసరం కూడా రాలేదు. చందుర్తి, బందరు పోయాక యానాం దానంతట అదే బ్రిటిష్ చేతిలో పడింది. ఇక ముందు కూడా ఈ ఊరికి ఇదే రాత. పోరు ఎక్కడో జరుగుతుంది. ఫలితం ఇక్కడ కనిపిస్తుంది.

1763లో పారిస్ ఒప్పందం కుదిరింది. ఫ్రెంచ్‌వాళ్లకు వాళ్ల పాత వర్తక స్థావరాలు తిరిగొచ్చాయి. యానాం కూడా వచ్చింది. కానీ చుట్టూ ఉన్న తీరం రాలేదు. 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఉత్తర సర్కార్లను ఇంగ్లిష్ కంపెనీకి రాసిచ్చాడు. ఆ రోజు నుంచి యానాం నాలుగు వైపులా బ్రిటిష్ నేల ఉన్న దీవిలా మిగిలిపోయింది.

ఆదోని కోటలో ఫ్రెంచ్ పటాలం

తీరం పోయాక ఫ్రెంచ్ సైనికులు ఏమయ్యారు? చాలామంది దేశీ పాలకుల దగ్గర కొలువులో చేరారు. అలాంటి ఒక పటాలం ఆదోని చేరింది.

గోనెగండ్ల, ఎమ్మిగనూరు జనానికి బాగా తెలిసిన ఆదోని కోటలో అప్పుడు ఉన్నది బసాలత్ జంగ్. నిజాం అలీకి తమ్ముడు. ఆదోనితో పాటు గుంటూరు సర్కారు కూడా ఆయన జాగీరే. లాలీ అనే ఫ్రెంచ్ అధికారి నాయకత్వంలో ఆయన ఒక పటాలాన్ని పోషించాడు. మద్రాసు మీదికి వెళ్లిన సేనాధిపతి లాలీ, ఈయన ఒకరు కాదు. పేరు ఒకటే.

మద్రాసులోని బ్రిటిష్‌వాళ్లకు ఇది నిద్ర పట్టనివ్వలేదు. గుంటూరు తీరంలో ఫ్రెంచ్ ఓడ ఆగితే చాలు, మనుషులు, మందుగుండు ఆదోని దాకా వెళ్లిపోతాయని వాళ్ల భయం. 1779లో బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఫ్రెంచ్ పటాలాన్ని పంపేయాలి, గుంటూరును కంపెనీకి అప్పగించాలి. బదులుగా ఆదోనికి రక్షణగా బ్రిటిష్ సేన వస్తుంది.

ఆ సేన ఆదోని చేరలేకపోయింది. దారిలో ఉన్నది హైదర్ అలీ ఆధీనంలోని నేల. ఆయన అడ్డుకున్నాడు. తనను అడక్కుండా తన పొరుగు కోటలోకి బ్రిటిష్ సేన రావడం హైదర్‌కు కోపం తెప్పించింది. మరుసటి ఏడాది మొదలైన రెండో మైసూరు యుద్ధానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. ఆదోని వదిలిన లాలీ చివరికి హైదర్ పక్షానే తేలాడు. 1780లో పొల్లిలూరు దగ్గర బ్రిటిష్ సేన చిత్తుగా ఓడినప్పుడు హైదర్ వైపు పోరాడినవాళ్లలో ఆయనా ఉన్నాడు.

బసాలత్ జంగ్ 1782లో చనిపోయాడు. ఆయన సమాధి ఆదోనిలోనే ఉంది. 1786లో టిప్పు సుల్తాన్ ముట్టడించి ఆదోని కోటను పట్టుకున్నాడు. 1800లో నిజాం రాయలసీమను కంపెనీకి దత్తం చేయడంతో ఆదోని కథ ముగిసింది. కోట ఉన్న ఆదోని, కోట లేని యానాం.. రెండూ ఒకే పోరులో నలిగాయి.

అమెరికాలో యుద్ధం.. యానాంలో సిపాయిలు

1778. బ్రిటన్ మీద తిరగబడ్డ అమెరికా వలసలకు ఫ్రాన్స్ అండగా నిలిచింది. దాంతో ఫ్రాన్స్, బ్రిటన్ మధ్య మళ్లీ యుద్ధం. ఆ కబురు అందగానే భారత్‌లోని బ్రిటిష్‌వాళ్లు ఫ్రెంచ్ స్థావరాల మీద పడ్డారు. పాండిచ్చేరి ముట్టడికి గురై అక్టోబరులో లొంగిపోయింది. యానాం కూడా పోయింది. అమెరికా స్వాతంత్ర్యానికి యానాం నేతగాడికి ఏ సంబంధమూ లేదు. కానీ కొనే కంపెనీ మారింది, పన్ను వసూలు చేసే చేయి మారింది.

1783లో వెర్సాయ్ ఒప్పందం. యానాం తిరిగి ఫ్రెంచ్‌ది.

పదేళ్లు గడిచాయి. ఫ్రాన్స్‌లో విప్లవం వచ్చింది. 1793 జనవరిలో రాజు పదహారో లూయీ తల తెగింది. ఫిబ్రవరిలో బ్రిటన్‌తో యుద్ధం మొదలైంది. అదే ఏడాది పాండిచ్చేరి, యానాం బ్రిటిష్‌పరం అయ్యాయి. 1802లో ఆమియాన్ ఒప్పందంతో తిరిగిస్తామన్నారు. 1803లో మళ్లీ యుద్ధం రావడంతో ఆ మాట నిలవలేదు. ఈసారి ఊరు రెండు దశాబ్దాలకు పైగా బ్రిటిష్ చేతిలోనే ఉండిపోయింది.

నెపోలియన్ ఓడిపోయాక కానీ లెక్క తేలలేదు. 1814 పారిస్ ఒప్పందం ప్రకారం స్థావరాలను ఫ్రాన్స్‌కు తిరిగివ్వాలని నిర్ణయించారు. అప్పగింతలు జరిగేసరికి 1816, 1817 వచ్చాయి.

ఏ యుద్ధం.. ఏ ఒప్పందం?

- సప్తవర్ష సంగ్రామం: చందుర్తి పోరు తర్వాత యానాం బ్రిటిష్‌పరం. 1763 పారిస్ ఒప్పందంతో తిరిగి ఫ్రెంచ్‌కు.
- అమెరికా స్వాతంత్ర్య యుద్ధం: 1778లో బ్రిటిష్‌పరం. 1783 వెర్సాయ్ ఒప్పందంతో తిరిగి ఫ్రెంచ్‌కు.
- ఫ్రెంచ్ విప్లవం, నెపోలియన్ యుద్ధాలు: 1793లో బ్రిటిష్‌పరం. 1814 పారిస్ ఒప్పందంతో తిరిగి ఫ్రెంచ్‌కు.

యానాంలో కోట ఎందుకు లేదు?

మచిలీపట్నంలో కోట ఉంది. విజయనగరం, బొబ్బిలి, ఆదోని.. అన్నిచోట్లా కోటలున్నాయి. యానాం వెళ్లేవాళ్లు ఇక్కడ ఫ్రెంచ్ కోట ఏదని వెతుకుతుంటారు. లేదు. దానికి జవాబు 1814 నాటి కాగితంలో ఉంది.

స్థావరాలు తిరిగిస్తూనే బ్రిటన్ ఒక షరతు పెట్టింది. భారత్‌లోని స్థావరాల్లో ఫ్రాన్స్ కోటలు, బురుజులు కట్టకూడదు. శాంతిభద్రతలకు కావాల్సినంత మంది తప్ప సైనికులను ఉంచకూడదు. ఫ్రాన్స్ ఒప్పుకుంది.

అంటే జెండా ఫ్రెంచ్‌దే, ఊరు ఫ్రెంచ్‌దే. కానీ ఆ జెండాను కాపాడుకునే బలం మాత్రం ఉండకూడదు. ఈ షరతు ఫలితం 140 ఏళ్ల తర్వాత, 1954 జూన్‌లో కనిపించింది.

కోట లేని ఊళ్లో సంత, పెళ్లిళ్లు

1817 తర్వాత యానాంకు ఎక్కువ కాలం శాంతి దొరికింది. 1839లో వచ్చిన పెను తుపాను పక్కనే ఉన్న కోరింగ రేవును ఊడ్చేసింది. ఓడల రాకపోకలు క్రమంగా కాకినాడ వైపు మళ్లాయి. యానాం పెద్ద రేవుగా ఎదగలేదు. 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి మాత్రం ఆ కాలానికి గుర్తుగా ఇప్పటికీ ఉంది.

రెండు రాజ్యాల సరిహద్దు ఊరు కావడం వల్ల కొన్ని విచిత్రాలు జరిగాయి. బ్రిటిష్ ఇండియాలో బాల్య వివాహాలను అడ్డుకునే శారదా చట్టం 1930లో అమల్లోకి వచ్చింది. ఫ్రెంచ్ నేల మీద ఆ చట్టం చెల్లదు. చుట్టుపక్కల జిల్లాల నుంచి పిల్లలను తీసుకుని యానాం వచ్చి పెళ్లిళ్లు చేసేవాళ్లు పెరిగారు. అలా ఊరికి ‘కల్యాణపురం’ అన్న పేరు కూడా వచ్చింది. సరదాగా వినిపించినా, ఆ పేరు వెనక ఎందరో చిన్నపిల్లల జీవితాలున్నాయి.

విదేశీ సరుకుకూ యానాం పెట్టింది పేరు. మంగళవారం సంతకు చుట్టుపక్కల ఊళ్ల జనం తరలి వచ్చేవాళ్లు. సుంకం తేడాతో దొంగచాటు రవాణా కూడా నడిచేది.

రెండో ప్రపంచ యుద్ధం: ఒక్క టెలిగ్రాం దూరంలో

1940 జూన్‌లో జర్మనీ ముందు ఫ్రాన్స్ చేతులెత్తేసింది. ఇప్పుడు భారత్‌లోని ఫ్రెంచ్ ఊళ్లు ఎవరివి? జర్మనీతో రాజీపడ్డ విషీ ప్రభుత్వానివా? లండన్‌లో ఉండి పోరాడతానన్న జనరల్ డిగాల్‌వా?

పాత లెక్క ప్రకారం అయితే బ్రిటిష్ సిపాయిలు మరోసారి యానాంలో దిగాల్సిందే. అలా జరగలేదు. ఫ్రెంచ్ ఇండియా గవర్నర్ లూయీ బాన్‌వాన్ 1940 సెప్టెంబరులో డిగాల్ పక్షం ప్రకటించారు. దాంతో యానాం ‘స్వేచ్ఛా ఫ్రాన్స్’లో భాగమైంది. అసలు ఫ్రాన్స్ హిట్లర్ బూటు కింద ఉంటే, గోదావరి ఒడ్డున ఉన్న ఈ చిన్న ఊళ్లో స్వేచ్ఛా ఫ్రెంచ్ పాలన నడిచింది. చుట్టూ ఉన్న బ్రిటిష్‌వాళ్లు ఈసారి మిత్రులు. 1941లో రెండు ప్రాంతాల మధ్య ఉమ్మడి కస్టమ్స్ ఏర్పాటు కూడా కుదిరింది.

అయినా యుద్ధం గుమ్మం దాకా వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. భారత ప్రధాన భూభాగం మీద శత్రు విమానాలు బాంబులు వేయడం అదే మొదలు. కాకినాడకు కూతవేటు దూరంలో ఉన్న యానాంకు అది ఎంత దగ్గరగా జరిగిందో వేరే చెప్పక్కర్లేదు. ఆ నెలలో తీరం పొడవునా జనం ఊళ్లు ఖాళీ చేశారు. మద్రాసు కూడా చాలావరకు ఖాళీ అయింది.

1947: దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.. యానాంకు రాలేదు

1947 ఆగస్టు 15న కాకినాడలో మువ్వన్నెల జెండా ఎగిరింది. యానాంలో మాత్రం ఫ్రెంచ్ జెండా అలాగే ఉంది. ఆ అక్టోబరులో మచిలీపట్నం ఫ్రెంచిపేట లాంటి చిన్నచిన్న జాగాలను ఫ్రాన్స్ వదులుకుంది. పాండిచ్చేరి, కారైకాల్, మాహే, యానాం, చందర్‌నగర్‌లను వదల్లేదు.

1948లో రెండు ప్రభుత్వాలూ ఒక మాటకు వచ్చాయి. జనాభిప్రాయం తీసుకుందామన్నాయి. 1949 జూన్ 19న చందర్‌నగర్‌లో ఓటింగ్ జరిగింది. భారత్‌లో కలవాలని 7,473 మంది, వద్దని 114 మంది ఓటేశారు. మిగిలిన నాలుగు ఊళ్లలో అలాంటి ఓటింగ్ జరగనేలేదు. 1949లో కస్టమ్స్ ఏర్పాటును భారత్ రద్దు చేసింది. సరిహద్దులో తనిఖీలు బిగిశాయి.

యానాంలో అందరిదీ ఒకే మాట కాదు. భారత్‌లో కలిసిపోవాలన్నవాళ్లు ఉన్నారు. ఫ్రెంచ్ ఉద్యోగం, పింఛను, వ్యాపారం పోతాయని భయపడి ఫ్రాన్స్ వైపు నిలిచినవాళ్లూ ఉన్నారు. ఒకే వీధిలో, ఒకే కుటుంబంలో కూడా రెండు పక్షాలు ఏర్పడ్డాయి.

1954 మార్చిలో పాండిచ్చేరిలో గాలి మారింది. అప్పటిదాకా ఫ్రెంచ్ పక్షాన ఉన్న ఎడ్వర్డ్ గూబేర్ విలీనానికి జై కొట్టారు. ఆ వేడి యానాంకు తాకింది. విలీనం కోరిన నాయకులు ఫ్రెంచ్ పోలీసులకు దొరక్కుండా భారత భూభాగంలోకి వచ్చి ఉద్యమం నడిపారు.

1954 జూన్ 13: ఆ రోజు ఏం జరిగింది?

ఈ ఉద్యమానికి ముందు నిలిచింది దడాల రఫేల్ రమణయ్య. యానాం పక్కన ఫరంపేటలో పుట్టారు. పాండిచ్చేరిలో ఫ్రెంచ్ పోలీసు శాఖలోనే అధికారిగా పనిచేశారు. ఆ ఉద్యోగం వదిలేసి విలీన ఉద్యమంలోకి వచ్చారు. ఫ్రెంచ్ పోలీసు వ్యవస్థ బలమెంతో, బలహీనత ఎక్కడో లోపలి నుంచి తెలిసిన మనిషి.

ఒకసారి ఆ నెల క్యాలెండర్ చూడండి. మే 7న వియత్నాంలోని దియన్ బియన్ ఫూ వద్ద ఫ్రెంచ్ సైన్యం లొంగిపోయింది. జూన్ 12న పారిస్ పార్లమెంటులో లానియెల్ ప్రభుత్వం ఓడిపోయింది. కొత్త ప్రధాని మెండెస్ ఫ్రాన్స్ వచ్చింది జూన్ 18న. సరిగ్గా ఆ మధ్యలో, పారిస్‌లో ప్రభుత్వమే కూలిపోయి ఉన్నప్పుడు, జూన్ 13న దడాల, ఆయన వెంట ఉన్న వలంటీర్లు యానాంలోకి ప్రవేశించారు.

ఊళ్లో కోట లేదు. సైన్యం లేదు. ఉన్నది పోలీసులే. 1814 షరతు ఇక్కడ పనిచేసింది. ఫ్రెంచ్ అడ్మినిస్ట్రేటర్ అప్పటికే ఊళ్లో లేరు. పోలీసులు ప్రతిఘటించారు. ఘర్షణలో ప్రాణనష్టం కూడా జరిగింది. చివరికి పోలీసు స్టేషన్, ప్రభుత్వ కార్యాలయాలు ఉద్యమకారుల చేతికి వచ్చాయి. ఫ్రెంచ్ జెండా దిగి, భారత జెండా ఎక్కింది. కొద్ది రోజులు పాలన బాధ్యతను దడాలే చూశారు.

ఒక నెల తర్వాత, జూలై 16న కేరళ తీరంలోని మాహే కూడా ఫ్రెంచ్ చేతి నుంచి జారిపోయింది.

భారత్ వైపు దీన్ని ‘విమోచన’ అన్నారు. ఫ్రెంచ్ వైపు ‘తిరుగుబాటు’ అన్నారు. ఏ పేరు పెట్టినా ఒకటి నిజం. అంతకుముందు జెండా మారిన ప్రతిసారీ నిర్ణయం బయటివాళ్లదే. ఈసారి ముందు నిలిచింది మాత్రం ఈ మట్టిలో పుట్టినవాళ్లు.

మరి 1962 దాకా ఎందుకు పట్టింది?

జెండా మారడం వేరు, కాగితం మారడం వేరు.

1954 అక్టోబరు 18న పాండిచ్చేరి దగ్గరున్న కీళూరులో ప్రజాప్రతినిధులు సమావేశమై ఓటేశారు. మొత్తం 178 మందిలో 170 మంది విలీనానికి సరే అన్నారు. 8 మంది వద్దన్నారు. నవంబర్ 1న నాలుగు ఊళ్ల పాలన భారత్ చేతికి వచ్చింది.

1956 మే 28న రెండు దేశాలూ అప్పగింత ఒప్పందం మీద సంతకాలు చేశాయి. దాన్ని ఫ్రెంచ్ పార్లమెంటు ఆమోదించాలి. ఆ సమయంలో ఫ్రాన్స్ అల్జీరియా యుద్ధంలో కూరుకుపోయి ఉంది. అది 1962లో ముగిశాకే ఈ ఒప్పందానికి ఆమోదం దొరికింది. 1962 ఆగస్టు 16న కాగితాలు మారాయి. అప్పుడే యానాం చట్టప్రకారం భారతదేశంలో భాగమైంది.

తరచూ వచ్చే ప్రశ్నలు

*యానాంను ఆంధ్రప్రదేశ్‌లో ఎందుకు కలపలేదు?*

1956 ఒప్పందంలోని రెండో అధికరణమే కారణం. 1954 నవంబర్ 1కి ముందున్న ప్రత్యేక పాలనా హోదా ఈ ఊళ్లకు కొనసాగుతుంది. దాన్ని మార్చాలంటే ముందు అక్కడి ప్రజల అభిప్రాయం తెలుసుకోవాలి. అందుకే భాష తెలుగైనా, చుట్టూ ఆంధ్రే ఉన్నా యానాం పుదుచ్చేరితోనే ఉంది. 1963లో పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంగా ఏర్పడినప్పుడు అందులో భాగమైంది.

*యానాంలో ఫ్రెంచ్ పౌరులు ఉంటారా?*

ఒప్పందం అమల్లోకి వచ్చిన ఆరు నెలల్లోగా కోరుకున్నవాళ్లు రాతపూర్వకంగా ఫ్రెంచ్ పౌరసత్వం ఎంచుకోవచ్చని అవకాశమిచ్చారు. నాలుగు ఊళ్లలోనూ కొందరు అలా ఎంచుకున్నారు. ఎంచుకోనివాళ్లు భారత పౌరులయ్యారు.

*జూన్ 13, నవంబర్ 1, ఆగస్టు 16.. మూడింటికీ తేడా ఏంటి?*

జూన్ 13 యానాంలో ఫ్రెంచ్ పాలన కూలిన రోజు. నవంబర్ 1 ఫ్రెంచ్ ఇండియా మొత్తం పాలన భారత్‌కు వచ్చిన రోజు. ఆగస్టు 16 చట్టప్రకారం అప్పగింత పూర్తయిన రోజు.

చివరిగా..

1763, 1783, 1814.. ఈ మూడు ఒప్పందాల్లోనూ యానాం అంటే ఒక స్థావరం, ఒక ఆస్తి. ఇచ్చేవాళ్లు, పుచ్చుకునేవాళ్లు ఇద్దరూ యూరప్‌లోనే ఉన్నారు. ఊళ్లో ఉన్నవాళ్ల ఊసు లేదు. 1956 ఒప్పందంలో మొదటిసారి ‘ప్రజల అభిప్రాయం’ అన్న మాట చేరింది.

ఆ మాట ఇప్పటికీ అమల్లో ఉంది. ఈ ఊరు పుదుచ్చేరితో ఉండాలా, ఆంధ్రతో కలవాలా అన్న చర్చ ఎప్పుడు వచ్చినా ముందు అడగాల్సింది యానాం జనాన్నే. 231 ఏళ్లలో నాలుగు ఒప్పందాలు, ఎన్నో యుద్ధాలు దాటాక ఈ చిన్న ఊరు సంపాదించుకున్న హక్కు అది.